కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళు

నరసరావుపేటలో నన్ను కంప్యూటర్ మేడమ్ అంటారు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. సాయంత్రాలు చేసే పని వేరే. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. మా పల్నాడు ఎండల్లో రోడ్డు పక్కన పెట్టే చలివేంద్రం లాంటిది. దాహమైన ఎవరైనా తాగొచ్చు, ఓపికున్న ఎవరైనా బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యొచ్చు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో తలా ఒక చెయ్యి వేసి దాన్ని నడుపుతుంటారు. నా బిందె తెలుగు. అందులో ఉండే మెనూలు, బటన్లు, హెచ్చరికలు అన్నిటినీ తెలుగులో రాసి పంపిస్తుంటాను. జీతం లేదు, బత్తెం లేదు. మా ఆయన దీన్ని ఉత్తపుణ్యానికి చాకిరీ అంటాడు. ఆయనకు జవాబు చెప్పడం నేను మానేసి చాలా కాలమైంది.

మానెయ్యడానికి అసలు కారణం, నా దగ్గర జవాబు లేకపోవడం. ఇన్నేళ్ళు రాశాను గానీ, దాన్ని తెలుగులో పెట్టుకుని వాడే మనిషిని ఒక్కరిని కూడా కళ్ళారా చూడలేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట వాడుతూనే ఉంటారని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒక ఏడాది శివరాత్రికి ముందు ఆ సాఫ్ట్‌వేర్ బృందం నుంచి మెయిల్ వచ్చింది. ఏ భాషలో ఎవరు వాడుతున్నారో సర్వే చేస్తున్నామనీ, వాడేవాళ్ళు లేని భాషల్ని వచ్చే వెర్షన్‌లో తీసేస్తామనీ, తెలుగు సంగతి నన్నే కనుక్కుని రాయమనీ దాని సారాంశం. ఊరికే పడి ఉన్న భాషల్ని ప్రతిసారీ మోసుకు తిరగడం కష్టంగా ఉందట. చాలా మర్యాదగా రాశారు. మర్యాదగా రాసినందుకు నాకు మరింత ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని.

ముందు నెట్‌లో ఒక ఫారం పెట్టి చూశాను. తెలుగు వాడుతున్నామని వచ్చిన జవాబు ఒకే ఒక్కటి. అది ఫారం పనిచేస్తుందో లేదో చూద్దామని నేను నింపుకున్నదే.

దాంతో ఇక లాభం లేదని, ఆదివారాలు ఊరూరా తిరిగి ఫొటో స్టూడియోలు, ఫ్లెక్సీ షాపుల్లో అడగాలని నిర్ణయించుకున్నాను. మా దగ్గర ఫొటో దిద్దే పనికి కొదవ లేదు. పిల్ల పుట్టినా, ఓణీ వేసినా, పెళ్ళయినా, తిరనాళ్ళకు ప్రభ కట్టినా, మనిషి పోయినా ఫ్లెక్సీ పడాల్సిందే. ఆ ఫ్లెక్సీలో చుట్టాలందరి తలకాయలూ ఉండాల్సిందే. తల లేని చుట్టం భోజనానికి రాడు. ఇన్ని తలకాయలు కత్తిరించి అతికిస్తున్న ఊళ్ళలో నా తెలుగు వాడేవాళ్ళు ఒక్కరైనా దొరకరా అని నా ఆశ.

తోడుగా మా అత్తయ్య బయల్దేరింది. పిలవలేదు, ఆమే బయల్దేరింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయిన దగ్గర్నుంచి ఆమె కాలు ఇంట్లో నిలవడం లేదు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కండక్టర్ కనబడగానే అతను అడక్కముందే ముఖానికి ఎదురుగా పట్టుకుంటుంది. 

"సర్వే అంటే ఏందే?" అంది బస్టాండు వైపు నడుస్తూ.

"నేను రాసిన తెలుగు ఎవరన్నా వాడుతున్నారా అని అడగడం, అత్తయ్యా."

"వాడకపోతే?"

"తీసేస్తారు."

"నువ్వు రాసిందంతానా?" అని ఆగిపోయింది. తర్వాత నాకంటే వేగంగా నడవడం మొదలుపెట్టింది.

మొదటి ఆదివారం మా ఊరే. చీటీలు కట్టమని వచ్చినవాళ్ళమనో, సబ్బులు అమ్మేవాళ్ళమనో అనుకుంటారేమోనని నేను మెడలో కాలేజీ గుర్తింపు కార్డు వేసుకున్నాను. చేతిలో ప్యాడు, దానికి ప్రశ్నల కాగితాలు. అత్తయ్యది తెల్ల కద్దరు చీర, లావు ఫ్రేము కళ్ళద్దాలు, నల్ల హ్యాండ్‌బ్యాగు. ఇద్దరం అలా వెళ్ళి బస్టాండు ఎదుటి సందులో ఉన్న స్టూడియో మెట్లెక్కాం. ఏదో తలకాయ కత్తిరిస్తున్న మీసాలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నిలబడుతూనే మానిటర్ ఆపేశాడు.

"ఫొటోల పని ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారండీ?" అన్నాను.

ఆయన నా మెడలో కార్డు వైపు చూశాడు. అత్తయ్య హ్యాండ్‌బ్యాగు వైపు చూశాడు. "మీరు ఏది గురించి అడుగుతున్నారు మేడమ్?" అన్నాడు.

నేను మన ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాను. దాంట్లో తెలుగు కూడా ఉందని చెప్పాను.

"అదేనండీ! అదే వాడతాం. తెలుగులోనే. మొదట్నుంచీ" అన్నాడు. అని, వీధిలోకి తొంగిచూసి మాకు కూల్ డ్రింకులు తెమ్మని కేకేశాడు.

నా ఆనందం ఏమని చెప్పను! కాళ్ళు నేలమీద ఆనలేదు. రెండో షాపులో కూడా అదే మాట. ఉచితందేనండీ, తెలుగులోనేనండీ, మొదట్నుంచీనండీ. మూడో షాపులో అయితే నేను నోరు తెరవకముందే ఆ మూడు ముక్కలూ ఆ వరుసలోనే చెప్పాడు. చెప్పి, కూల్ డ్రింకు చేతిలో పెట్టాడు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "మా నాన్న కాలం నుంచీ ఇదే వాడుతున్నామండీ" అన్నాడు. గోడమీద దండ వేసిన వాళ్ళ నాన్న ఫొటో ఉంది. నేను ఆ మాట కూడా రాసుకున్నాను.

"వాళ్ళ నాన్న పోయేటప్పటికి కంప్యూటర్లు యాడియ్యే?" అంది అత్తయ్య బయటికొచ్చాక.

"ఏదో మాటవరసకు అన్నాడులే" అన్నాను. సంతోషంలో ఉన్నవాళ్ళకు చెవులు సరిగా వినపడవు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన ముందు ఆ కాగితాలు పేకముక్కల్లా పరిచాను. ఆయన ఒక్కొక్కటే చదివి, "ఊరంతా నీ తెలుగేనా!" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు పాపం. నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది.

తర్వాతి ఆదివారం వినుకొండ. అక్కడా ఉచితందే, తెలుగులోనే, మొదట్నుంచీనే. అక్కడా కూల్ డ్రింకులే. అత్తయ్యకు షుగరు. ఆమె వద్దంటుంటే వాళ్ళు బతిమాలుతున్నారు, తాగకపోతే ఏదో అయిపోతుందన్నట్టు. ఇంత మర్యాద తెలిసిన వ్యాపారం ఇంకోటి లేదని నేను పొంగిపోయాను. అత్తయ్య మాత్రం బస్సు కిటికీ పక్కన కూర్చుని, "వీళ్ళకి మనమంటే భయమేందే?" అంటూ వచ్చింది.

మూడో ఆదివారం గురజాల, అక్కణ్ణించి మాచర్ల అనుకున్నాం. పిడుగురాళ్ళ దాటేదాకా సున్నం బట్టీల తెల్లదుమ్ము, దాటాక కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. బస్సు బస్సంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతుంటే అత్తయ్య అందరికీ చిరంజీవ చిరంజీవ అని చెప్పుకుంటూ వచ్చింది. ఆమె సంచిలో పులిహోర ఉంది. మాచర్లలో తిందామని ముందే తీర్మానించింది.

గురజాలలో మొదటి షాపు చిన్నది. ఒక నడివయసు మనిషి ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మమ్మల్ని చూడగానే లేచి, "ఉచితందేనండీ, తెలుగులోనేనండీ, మొదట్నుంచీనండీ" అన్నాడు ఒక్క గుక్కలో.

ఈసారి ఆయన మానిటర్ ఆపడం మర్చిపోయాడు. దానిమీద మన సాఫ్ట్‌వేరే ఉంది. కాకపోతే అది ఇంకా నెట్ నుంచి దిగుతోంది. పచ్చగీత సగందాకా వచ్చి ఆగింది. 

నేను ఆ గీత వైపు చూశాను. ఆయనా చూశాడు. 

"మొదట్నుంచీనా?" అన్నాను.

"నెట్టు స్లో అండీ" అన్నాడు దీనంగా. "ఒక్క పది నిముషాలు ఓపిక పట్టారంటే పూర్తిగా దిగిద్ది. కూల్ డ్రింకు తాగుతుండండి."

అత్తయ్య స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి ఆయనకు ధైర్యం వచ్చిందో, మరింత భయం వేసిందో తెలియదు గానీ ఉన్నదంతా కక్కేశాడు. జిల్లాలో స్టూడియోల వాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందరూ వాడేది డబ్బు పెట్టి కొనాల్సిన పెద్ద సాఫ్ట్‌వేర్ తాలూకు దొంగ కాపీ. ఎక్కడో పక్క జిల్లాలో అట్లాంటి కాపీలు పట్టుకున్నారని ఒక పుకారు. సరిగ్గా అప్పుడు మా ఊరి మీసాలాయన గ్రూపులో చెప్పాడట: ఆఫీసర్ల రైడింగు మొదలైంది, మెడలో కార్డు వేసుకున్న ఒకామె, తెల్ల చీర పెద్దాఫీసరు తిరుగుతున్నారు, ఏమడిగినా ఉచితందే అనండి, తెలుగులో పెట్టండి, మొదట్నుంచీ అనండి, మర్యాద చెయ్యండి.

"పెద్దాఫీసరా? నేనా?" అంది అత్తయ్య. ఆమె ముఖం చూడాలి. జన్మలో అంత గౌరవం ఎవరూ ఇవ్వలేదన్నట్టు చీర సర్దుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నలుగురితో పాటు నారాయణా అన్నట్టు ఊరూరూ అబద్ధమాడితే, ఆ అబద్ధాల్ని నేను చక్కగా చేతిరాతతో నింపుకొచ్చాను. ఇన్నేళ్ళకు దొరికారనుకున్న నా వాళ్ళు ఎవరూ నా వాళ్ళు కారు. ఆ మనిషి మీద అరిచాను కూడా. "నన్ను చూస్తే పోలీసులా కనబడుతున్నానా?" అని. ఆయన నిజాయితీగా, "కార్డు ఉందిగదండీ" అన్నాడు.

బయటికొచ్చి, ఇంటికి పోదాం పద అన్నాను. అత్తయ్య వినిపించుకోలేదు. మాచర్ల బస్సు ఎదురుగా ఆగి ఉంది.

"ఏం చేసుకోను అత్తయ్యా మాచర్లలో? అక్కడా అదే పాట పాడతారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా బతుకు."

"ఎలుకన్నా దొరికిందా నీకు? దొరకలా. పద, బస్సెక్కు" అంది. "పులిహోర మాచర్లలోనే తినాల. నేను అనుకున్నా."

బస్సెక్కాను. మెడలో కార్డు తీసి సంచిలో పడేశాను.

మాచర్లలో రైల్వే స్టేషన్ రోడ్డులో ఒక స్టూడియో తెరిచి ఉంది. ముందు చెప్పులు చాలా కనిపించాయి. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నది ఒక ముస్లిం అమ్మాయి, ముప్ఫై లోపు ఉంటుంది. తలమీద దుపట్టా, చేతిలో మౌస్. భర్త పెళ్ళిళ్ళకు వీడియోలు తీయడానికి పోతే షాపు ఆమే చూసుకుంటుంది. ఆమె కుర్చీ వెనక ఒక కుటుంబం మొత్తం నిలబడి ఉంది, గోడకు ఆనుకుని కొందరు, కుర్చీని పట్టుకుని కొందరు. ఆమె మమ్మల్ని చూసింది. నా కార్డు లేదు గానీ అత్తయ్య తెల్ల చీర ఉంది.

"నువ్వేనా అక్కా ఆ సర్వే ఆమెవి?" అంది. లేవలేదు, మానిటర్ ఆపలేదు. "రా, ముందు ఇట్టా వచ్చి కూసో. నీ మూలాన నా షాపు చేపల మార్కెట్టయింది."

నేను ఉలిక్కిపడ్డాను. "నేనేం చేశాను?"

"గ్రూపులో పెట్టారని మా ఆయన భయపడి, ఈ తెలుగుది ఎక్కించి పోయాడు. పాతది తీసేశాడు. ఇప్పుడు పని చేద్దామంటే దీంట్లోనే చెయ్యాల. చేస్తన్నా. బానే ఉంది, నేను పదోదాకా తెలుగు మీడియమేగా. ఇంతకుముందు ఏది యాడుందో మా మరిదికి ఫోన్ చేసి అడిగేదాన్ని, ఇప్పుడు చదువుకుని నేనే నొక్కుతున్నా. బాధ నాతో కాదు." మౌస్ వదిలి బొటనవేలు వెనక్కి చూపించింది. "వీళ్ళతో!"

వెనక ఉన్నవాళ్ళు నొచ్చుకోలేదు. వాళ్ళకు వినిపించను కూడా లేదు. కృష్ణ ఒడ్డు ఊరి నుంచి ఆటోలో వచ్చారట. పిల్లకు ఓణీల ఫంక్షన్, దానికి ఫ్లెక్సీ. పిల్ల తల్లి, నాయనమ్మ, ఇద్దరు మేనమామలు, పెద్ద మేనమామ భార్య, అందరి మధ్యా ఏమీ మాట్లాడకుండా గోళ్ళు చూసుకుంటున్న పిల్ల. ఫ్లెక్సీ మధ్యలో పిల్ల ఫొటో, చుట్టూ తలకాయలు.

"పరిమాణం అని ఉంది చూడమ్మా, ఆ పక్కన. నాది కొంచెం పెంచు" అన్నాడు పెద్ద మేనమామ, తెర మీద వేలు పెట్టి.

"ఆయనది పెంచితే నాదీ పెంచాల. ఆడే ఉందిగా, పరిమాణం" అన్నాడు చిన్న మేనమామ.

"ఇద్దరియీ పెంచితే పిల్లకి చోటేది?" అంది తల్లి. "అంచులు మెత్తబరచు అని ఉందే, అది నొక్కమ్మా. మా అన్న మొహం చుట్టూ ఎవురో కత్తిపీటతో కోసినట్టుంది."

"చూశావా అక్కా?" అంది స్టూడియో అమ్మాయి నా వైపు తిరిగి. "ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఈ గోల లేదు. నేను ఏం చేస్తే అది. అయిపోయిందంటే అయిపోయింది, తీసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు ప్రతి బటనూ చదూతారు. చదివి, అది నొక్కు ఇది నొక్కు. తల ప్రాణం తోకకొస్తంది."

పరిమాణం నాది. అంచులు మెత్తబరచు నాది. ఆ మాటలు రాసినప్పుడు నా చుట్టూ ఎవరూ లేరు. ఇప్పుడు ముక్కూ ముఖం తెలియని మనుషులు వాటిని పట్టుకుని పోట్లాడుకుంటున్నారు.

అంతలో పెద్ద మేనమామ భార్య ముందుకొచ్చింది. "ప్రకాశం అంటే మొహం తెల్లగా వచ్చేదేనా? పిల్లకి అది పెంచు. పదిమందీ చూసే ఫ్లెక్సీ."

స్టూడియో అమ్మాయి పెంచింది. "ఇంకొంచెం" అంది ఆమె. ఇంకొంచెం పెంచింది. పిల్ల ముఖం చామనఛాయ నుంచి గోధుమ రంగుకు, అక్కణ్ణించి సున్నం కొట్టిన గోడ దాకా వచ్చింది. కళ్ళు మాత్రం మిగిలాయి. పిల్ల తల ఎత్తి ఒకసారి తెరను చూసి మళ్ళీ గోళ్ళు చూసుకుంది.

అప్పటిదాకా నోరు మెదపని నాయనమ్మ కుర్చీ వీపు పట్టుకుని వంగింది. 

"ఎవురే ఈ పిల్ల?" అంది.

"మన పిల్లే, అత్తా" అంది తల్లి.

"మన పిల్ల గాదు. మన పిల్ల నా రంగు. తీసెయ్."

"ఇప్పుడట్టానే వేయిస్తన్నారు పెద్దమ్మా, అందరూ..." అని మేనమామ భార్య ఏదో చెప్పబోయింది.

నాయనమ్మ ఆమెను పట్టించుకోలేదు. ముఖం తెరకు దగ్గరగా పెట్టి, మెనూలో ఒక్కొక్క మాటా వేలితో దాటుకుంటూ వెతకసాగింది. ఆమె చదువు మూడో తరగతి దాకానట, తర్వాత తెలిసింది. వేలు ఒకచోట ఆగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "వె... న... క్కి... తీ... సు... కో." మళ్ళీ ఒకసారి గబగబా అని, నిటారుగా నిలబడింది. "ఇదుగో, ఈడ రాసే ఉంది గదా! వెనక్కి తీసుకో. నొక్కమ్మాయ్."

స్టూడియో అమ్మాయి ఒకసారి నొక్కింది. ముఖం మీది తెలుపు కొంచెం దిగింది. 

"ఇంకా వెనక్కి" అంది నాయనమ్మ.

మేనమామలిద్దరికీ అప్పటికి పరిమాణం సంగతి మర్చిపోయేంత హుషారు వచ్చింది. "వెనక్కి తీసుకో!" అని ఒకడు, "ఇంకా వెనక్కి తీసుకో!" అని ఇంకొకడు. తల్లి కలిసింది. మా అత్తయ్యకు ఆ పిల్ల ఎవరో తెలియదు, ఆమె కూడా కలిసింది. ప్రతి నొక్కుకూ సున్నం రాలుతూ, రాలుతూ, చివరికి కుర్చీ పక్కన నిలబడ్డ పిల్లా తెరమీది పిల్లా ఒకటే అయ్యారు. పిల్ల తల ఎత్తి ఈసారి ఎత్తినట్టే ఉంచింది. నవ్వింది కూడా.

ఆ మాట గురించి ఒక సంగతి చెప్పాలి. నాకంటే ముందు ఎవరో అక్కడ 'చర్యను రద్దుపరచు' అని రాసి ఉంచారు. కోర్టు కాగితంలా ఉందని నేను దాన్ని మార్చాను. తెలుగు అనువాదాలు చూసే నలుగురు పెద్దమనుషులు నా మీద లేచారు, ఇది భాషా కాదు శాస్త్రమూ కాదు, బజారు మాట అన్నారు. బజారులోనే కదా బేరం కుదరకపోతే వెనక్కి తీసుకునేది అని నేను మొండికేశాను. అప్పుడు ఎందుకంత పట్టుపట్టానో నాకే తెలియదు. మాచర్లలో ఆ ముసలామె వేలు ఆగిన చోటు చూశాక తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే మిరపకాయల ఘాటు అన్నాను. అక్కడ మిరపకాయలు లేవు.

గోల సద్దుమణిగాక ప్యాడు తీసి నా ప్రశ్నలు అడిగాను. ఏం ఇబ్బంది ఉందంటే, పొడుగు మాటలకు చివరి అక్షరాలు బటన్ అంచులో పడి కనపడట్లేదని స్టూడియో అమ్మాయి చెప్పింది. అది నిజంగా వాడేవాళ్ళు మాత్రమే చెప్పగలిగే ఫిర్యాదు. ఇన్ని ఊళ్ళలో ఒక్కరు కూడా ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఈ కంప్యూటర్లో దీన్ని ఎంతమంది వాడతారు?" అన్నాను ఆఖరుగా.

"నేనొక్కదాన్నేగా" అంది.

"ఒక్కదానివా?" అంది అత్తయ్య. "మరి వీళ్ళంతా ఏంది, పేరంటానికి వచ్చారా? మౌసు నీ చేతిలో ఉందిగానీ నొక్కిస్తంది వాళ్ళు."

నేను రాయబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న తయారుచేసినవాళ్ళ దేశంలో కంప్యూటర్ ముందు ఒక్క మనిషే కూర్చుంటాడేమో. మా దగ్గర ఎవరి ఫొటో అయినా ఒక్కరు దిద్దరు. కుర్చీలో ఒకరు, కుర్చీ వెనక ఇంటిల్లిపాదీ. నేను ఇన్నాళ్ళూ కుర్చీలో కూర్చున్నవాళ్ళ కోసం వెతుకుతున్నాను. వాళ్ళకు ఇంగ్లీషు బటన్లు ఎలాగూ అలవాటే. నా తెలుగు వెనక నిలబడ్డవాళ్ళది. వాళ్ళందరినీ అడిగి, వెనక నుంచి ఒక ఫొటో తీసుకున్నాను. అన్నీ తలల వెనకభాగాలే, మధ్యలో వెలుగుతున్న తెర.

పులిహోర ఆ షాపులోనే అందరం తలా కాస్త తిన్నాం. వచ్చేముందు స్టూడియో అమ్మాయి గుమ్మందాకా వచ్చింది. "మీరు ఆఫీసర్లు కాదని తెలిసింది గదా. ఇక నేను ఇంగ్లీషులో పెట్టేసుకుంటా అక్కా, ఏమనుకోమాక. పని తెమలట్లా" అంది. 

ఏమనుకోను? ఆమె పని ఆమెది. అయినా అనుకున్నాను. బస్సులో నరసరావుపేట వచ్చేదాకా అదే అనుకున్నాను. దొరికిన ఒక్క మనిషి దొరికిన రోజే జారిపోయింది.

బృందానికి ఉన్నదున్నట్టు రాశాను. రైడింగు పుకారు, కూల్ డ్రింకులు, సగం దిగిన పచ్చగీత, అంతా. నిజంగా వాడుతున్నది ఒకే ఒక్క షాపు, ఆమె కూడా మానేస్తానంది అని రాశాను. కింద ఆ తలల ఫొటో పెట్టాను. వీళ్ళను మీ లెక్కలో ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియడం లేదని రాశాను. 

సర్వే చూసే ఆయన దగ్గర్నుంచి మర్నాడే జవాబు వచ్చింది. భయపడి పెట్టుకున్నవాళ్ళను లెక్కలో వెయ్యలేమన్నాడు. ఆ ఫొటోను మాత్రం తన బృందం అందరికీ చూపించాడట. కుర్చీ వెనక మనుషులుంటారని తామెప్పుడూ ఆలోచించలేదన్నాడు. ఒక్కచోట ఇష్టంతో వాడుతున్నా చాలు, తెలుగును తియ్యం, ఆ మాచర్ల షాపులో ఇప్పటికీ తెలుగే ఉందేమో కనుక్కుని చెప్పండి అన్నాడు.

నాకు కనుక్కునే ధైర్యం లేదు. ఆమె నంబరు ఫోన్లో ఉంది. ఫోన్ చేస్తే లేదంటుంది. చెయ్యకపోతే ఉందో లేదో తెలియదు. తెలియకపోవడమే నయమనిపించింది. "చెయ్యవే" అని అత్తయ్య రోజూ పొద్దునే పోరు. రేపు రేపంటూ గడిపాను.

చివరికి ఆ స్టూడియో అమ్మాయే చేసింది. కాలేజీలో క్లాసుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"అక్కా, దీన్ని మళ్ళీ తెలుగులోకి ఎట్టా మార్చాల? దొరికి చావట్లా" అంది. వెనక నుంచి ఒకటే సందడి.

"ఇంగ్లీషులో పెట్టుకున్నావుగా?"

"పెట్టుకున్నా. ఆ ఓణీల ఫంక్షనోళ్ళు ఊరూరా చెప్పారక్కా, మాచర్లలో మనమే చదువుకుని చేయించుకోవచ్చని. ఇప్పుడు పంచెకట్టు ఫంక్షనోళ్ళు వచ్చారు. ఇంగ్లీషు చూసి లేచి నిలబడ్డారు. మా పిల్లోడి మొహం మేం చదువుకునే దాంట్లోనే చెయ్యాల, లేకపోతే ఇంకో షాపు చూసుకుంటాం అంటన్నారు. ముందు ఎట్టా మార్చాలో చెప్పు."

చెప్పాను. స్పీకర్ పెట్టమన్నాను. పైన వరుసలో ఏది నొక్కాలో, భాష అనే గడి ఎక్కడుంటుందో ఒక్కొక్కటే చెప్పాను. చివర్లో ఒకసారి మూసి తెరవాలి. మూసింది. అటు వైపు అందరూ గప్‌చుప్ అయ్యారు. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. క్లాసు బెల్లు మోగింది, పిల్లలు నన్ను దాటుకుంటూ పోతున్నారు.

"వచ్చిందొచ్చింది!" అంది ఎవరో ఆడమనిషి. ఆ వెంటనే ఒక ముసలి మగ గొంతు, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా, మెనూ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాట చదివి, "ఇదేంది? ఇది దేనికి?" అని అడుగుతోంది. స్టూడియో అమ్మాయి విసుక్కుంటూనే చెబుతోంది. ఫోన్ పెట్టెయ్యడం ఆమె మర్చిపోయింది. నేను పెట్టలేదు. నేను రాసినదంతా వరసగా, ఒక్కటీ వదలకుండా, ఎవరో ముక్కూ ముఖం తెలియని పెద్దమనిషి గొంతులో విన్నాను. నా క్లాసు ఆలస్యమైంది. అయితే అయింది.

సాయంత్రం ఆ సర్వే ఆయనకు జవాబు రాశాను. "ఉంది. ఆమె తీసేసింది, వాళ్ళు మళ్ళీ పెట్టించుకున్నారు." అంతే రాశాను.

కొత్త వెర్షన్ వచ్చిన రోజు భాషల వరస తెరిచి చూశాను. తమిళం కింద, థాయ్ పైన, తెలుగు ఉంది. అత్తయ్య నా కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా వంగి, అదెక్కడుందో తనే వెతికి వేలు పెట్టి చూపించింది.